నా ఉపదేశం

మా అమ్మాయికి ఈత పిచ్చి. పోటీలు నెల్లాళ్లున్నాయనగా, ఎడమ చేత్తో తల దువ్వుకుంటూ కనిపించింది. "కుడిచెయ్యి ఎత్తితే భుజం నొప్పి, నాన్నా!" అంది.

బందరు కాలవలో ఈత నేర్చినవాణ్ణి గదా! "ఇంకా సాధన చెయ్యి, అదే పోతుంది" అన్నాను.

పోయింది నొప్పి కాదు, పిల్ల నిద్ర!

చేయి వేలసార్లు తలమీదుగా తిరిగితే, అలసిన కండరాలు పట్టు తప్పి, వాటి కొసలు భుజం ఎముక కింద నలుగుతాయట. 1974లోనే కెన్నెడీ, హాకిన్స్ అనే వైద్యులు దీన్ని 'ఈతగాళ్ల భుజం' అన్నారు. డాక్టరుగారు ఈత దూరం తగ్గించారు. బార వేసే తీరు దిద్దించుకోమన్నారు. రబ్బరు పట్టీతో రెక్క కండరాలకు కసరత్తు చెప్పారు.

ఆ యేటి పోటీలు దాటిపోయాయి. పిల్ల నన్నేమీ అనలేదు. మొన్న రెండు చేతులా జడ వేసుకుంటుంటే, పేపరు మడిచి చూస్తూ కూర్చున్నాను.