వసారా నీడలో

మా జగ్గయ్యపేటలో కారు మీద పడ్డ దుమ్ము ఓ పట్టాన వదలదు. చుట్టూ సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు. ఆ పొడికి మంచు తగిలితే తెల్లారేసరికి పొర కడుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే పెయింటు నిండా గీతలే. అందుకే ముందు నీళ్లు ధారగా పోస్తాను, తర్వాతే షాంపూ. బోరునీళ్లు ఆరితే తెల్లమచ్చలు మిగులుతాయి, వెంటనే తుడిచేయాలి.

ఇది నాన్న కారు. ఆదివారం పొద్దున్నే, రేకు చల్లగా ఉండగా, సిలికా కలిసిన కోటింగును తలుపుకు రెండేసి పిచికారీలు కొట్టి, మైక్రోఫైబర్ గుడ్డతో పలచగా పరిచి, ఇంకో పొడిగుడ్డతో మెరుపు తేలేదాకా తుడుస్తాను. ఎండలో చేస్తే చారలు కడుతుంది. ఎక్కువ కొట్టినా అంతే. మిరపచేలో మందు కొట్టేవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. రాయి దెబ్బను ఈ పొర ఆపలేదు. కొన్ని నెలలపాటు నీళ్లు జారిపోతాయి, దుమ్ము తేలిగ్గా వదులుతుంది. నాకది చాలు.

“మీ నాన్నగారూ ఇట్టాగే తుడిచేవారురా” అంది అమ్మ, గుమ్మంలో నిలబడి.

సాయంత్రం 65వ నంబరు హైవే మీద నందిగామ బయల్దేరాను. చిల్లకల్లు దాటాక చినుకులు. బానెట్ మీద పూసల్లా నిలబడి, వేగం పెరగగానే అద్దం వైపు పరుగెత్తాయి. నాన్న చూసుంటే బాగుండేది.