పొత్తిళ్లలో కలరా ఉండల వాసన

పుట్టిన మొదటి వారంలో కనిపించే పచ్చకామెర్లలో అధికభాగం వాటంతట అవే తగ్గిపోయేవే అయినా, బిడ్డ ఒళ్లు ఒక్కసారిగా పాలిపోయి, మూత్రం టీ డికాక్షన్ రంగుకు తిరిగి, పాలు తాగడం మానేసినప్పుడు పిల్లల వైద్యుడు అడిగే ప్రశ్నల్లో ఒకటి ఆ ఇంటి బట్టల పెట్టెకు సంబంధించినదై ఉంటుంది. బట్టల మడతల్లో వేసే కలరా ఉండలు చాలావరకు నాఫ్తలీన్‌తో చేసినవి. ఆ పదార్థం కరగకుండానే నేరుగా ఆవిరవుతుంది గనుక (దీనిని ఉత్పతనం అంటారు) ఉండ పూర్తిగా అరిగిపోయాక కూడా దాని అంశ నూలు పోగుల్లో నిలిచి ఉంటుంది.

తెలుగు ఇళ్లలో పురిటిబిడ్డకు కొత్తబట్ట తొడగకుండా, వాడి మెత్తబడిన పంచెలు, నూలు చీరల ముక్కలతో పొత్తిళ్లు కట్టే ఆచారం చాలాచోట్ల ఉంది. ట్రంకు పెట్టెలో ఏళ్ల తరబడి ఉన్న ఆ గుడ్డలు మాసినట్టు కనిపించవు కాబట్టి వాటిని ఉతకకుండానే, నూనె మర్దన చేసిన ఒంటికి చుట్టడం జరుగుతుంది. నూనెలో కరిగే గుణమున్న నాఫ్తలీన్ అప్పుడు చర్మం గుండా మరింత తేలికగా లోపలికి పోతుంది. ఆసుపత్రిలో అమ్మమ్మ తెచ్చిన గుడ్డల మూట విప్పగానే ముక్కుకు తగిలే ఘాటు, రక్తపరీక్షల ఫలితాలు రాకముందే కారణాన్ని పట్టిస్తుంది. ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న బిడ్డల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో (దాని జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉండటమే ఇందుకు కారణం), ఈ కొద్దిపాటి స్పర్శకే కణాలు పగిలిపోతాయి. వాటి నుంచి పుట్టే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం మితిమీరి మెదడుకు చేరితే శాశ్వత నష్టం మిగులుతుంది. అంతవరకు రానీయకుండా రక్తమార్పిడి చేయవలసి వచ్చిన ఇంట్లో ఈ లోపమున్న సంగతి అంతకుముందు ఎవరికీ తెలిసి ఉండకపోవడమే సాధారణం.

యూరోపియన్ యూనియన్ 2008లో నాఫ్తలీన్ ఉండల అమ్మకాన్ని నిలిపివేసింది. మన కిరాణా కొట్లలో అవి ఇప్పటికీ దొరుకుతున్నాయి. వాటికి బదులు కర్పూరం సహజమైనదని కొనేవారున్నారు గాని, సహజమన్న మాట భద్రతకు హామీ కాదు: చిన్నపిల్లలు కర్పూరం మింగితే నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. నిజానికి బట్టల చిమ్మటలు ప్రధానంగా తినేది ఉన్ని, పట్టు. నూలు బట్టల్లోని గంజికి చేరేవి సిల్వర్‌ఫిష్ పురుగులు. కాబట్టి గంజి పోయేలా ఉతికి, బాగా ఎండబెట్టి, గట్టి మూత ఉన్న డబ్బాలో దాచిన నూలు చీరకు ఏ మందూ కొనవలసిన అవసరం ఉండదు.

కానుపు దగ్గరపడిన ఇంట్లో నెల సరుకుల చీటీ నుంచి కలరా ఉండలను కొట్టివేయాలి, ఘాటు తగిలే గుడ్డలను బిడ్డ దరికి రానీయకూడదు. పెట్టెలో వేరే పాతగుడ్డలు లేకపోతే సాదా నూలు గుడ్డ కొని రెండుసార్లు ఉతికి వాడుకోవచ్చు. ఒకసారి తడిసిన బట్టను కొత్తదిగా లెక్కించరు గనుక పెద్దల పట్టింపుకూ భంగం ఉండదు.