తాలీంలో దిద్దేది ఉస్తాదే

2025 ఫిబ్రవరి 17, సోమవారం

పొద్దున జిమ్‌లో గౌలిపురా కుర్రాడు స్క్వాట్ చేస్తున్నాడు. కొత్తగా చేరాడు. బార్ భుజాల మీద ఉండగానే పక్కనున్నాయన అందుకున్నాడు: "మోకాళ్లు కాలివేళ్లు దాటనియ్యకు తమ్మీ, అరిగిపోతయ్." పిల్లాడు మోకాళ్లు వెనక్కి లాక్కున్నాడు. నడుము ముందుకు వంగిపోయింది. కోచ్ గబగబా వచ్చి బార్ దింపించాడు.

ఆ పిల్లాడి తొడ ఎముకలు పొడుగు. అలాంటివాళ్లకు మోకాళ్లు కొంత ముందుకు రావాల్సిందే. బలవంతంగా ఆపితే భారం తుంటికీ నడుముకీ ఎక్కుతుంది. చేరిన రోజే కోచ్ అతన్ని ఖాళీ బార్‌తో కూర్చోబెట్టి, లేపి చూశాడు, పాత దెబ్బలు అడిగి రాసుకున్నాడు. సలహా ఇచ్చినాయనకు అవేవీ తెలియవు. మంచి మనసుతోనే చెప్పాడు, కాదనను. కానీ నడుము పట్టేస్తే మంచాన పడేది ఆ పిల్లాడు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

సాయంత్రం బార్కస్. నిజాం కొలువులో పనిచేసిన అరబ్ సిపాయిల బ్యారక్‌లతో వెలిసిన పేట ఇది. వాళ్ల వారసులు ఇప్పటికీ ఇక్కడే ఉన్నారు, కుస్తీకీ ఈ పేట పెట్టింది పేరు. ఒక పెద్ద పహిల్వాన్ పక్కన కూర్చుని చాలాసేపు విన్నాను. ఆయన కుర్రతనంలో, కుస్తీ నేర్పే తాలీంలో ఎవడెంత సీనియర్ అయినా, నేర్పే గురువు, అంటే ఉస్తాద్, ఎదురుగా ఇంకొకడి పట్టు దిద్దేవాడు కాదట. ఉస్తాద్ సైగ చేస్తేనే ముందుకు రావాలి. ఎవడి భుజం ఎప్పుడు జారిందో, ఎవడు రాత్రి డ్యూటీ చేసి నిద్ర లేకుండా వచ్చాడో ఉస్తాద్‌కి తెలుసు. "పట్టులో ఉన్నోనికి ఇద్దరు చెప్తే మెడ విరుగుతది బేటా" అన్నాడాయన. ఆ క్రమశిక్షణ మన జిమ్‌లకు ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు. బరువులు అవే, శరీరాలు అవే, ప్రమాదమూ అదే.

ఫిబ్రవరి 24, సోమవారం

పెద్ద పహిల్వాన్ ఉస్తాద్ గురించి చెప్పిన మాటలు తలుచుకుంటే కరణం మల్లీశ్వరి గుర్తొచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో ఆమె చిన్నతనంలోనే నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులెత్తడం నేర్చుకుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం గెలిచింది. పునాది వేసే వయసులో ఆమెకు ఒక గురువు దొరికాడు.

మార్చి 5, బుధవారం

రంజాన్. రాత్రి తరావీ నమాజు అయ్యాకే జిమ్ నిండుతోంది. పగలంతా నీళ్లు ముట్టనివాళ్లకు కోచ్ బరువు తగ్గించి ఇస్తున్నాడు. పక్కవాళ్లేమో "పాత బరువే వెయ్ భాయ్" అని ఎగదోస్తున్నారు. నాకు ఒళ్లు మండింది.

ఇదే రాత్రి బెంచ్ మీద ఒకతని ఛాతీకి బార్ అడ్డంపడితే ఇద్దరు పరుగెత్తి లేపారు. అలాంటప్పుడు ఎవరూ అనుమతి అడగక్కర్లేదు. ప్లేట్లు జారకుండా క్లిప్ పెట్టలేదని కేకేయడమూ అంతే. ప్రాణాపాయం లేనప్పుడు మాత్రం, ఎత్తేవాడు బార్ దించేదాకా నోరు మెదపకూడదు. ఆ తర్వాతైనా అతను అడిగితేనే చెప్పాలి, అదీ "కోచ్‌ని అడుగు" అని.

మార్చి 8, శనివారం

మేనేజర్‌ని కలిశాను. కోచ్ పేరు, ఆయన ఎక్కడ శిక్షణ పొందాడు, ఏ వేళల్లో ఉంటాడు, ఈ మూడూ తెలుగులో, ఉర్దూలో రాసి తలుపు దగ్గర పెట్టమన్నాను. కొత్తగా వచ్చేవాళ్లకు ఎవరిని అడగాలో తెలియకే కదా, దొరికినవాళ్ల మాట వింటున్నారు. రంజాన్ పండుగ లోపు పెట్టిస్తానన్నాడు. సోమవారం ఉర్దూ రాసే పెయింటర్‌ని నేనే తీసుకెళ్తాను.