లామింగ్టన్ రోడ్డుకు వెల్డింగ్ మిషిన్‌తో

భీవండి నుంచి ముంబయి పోయే మనవాళ్ళు ఆస్పత్రికో, పెండ్లి బట్టలకో, సముద్రం చూడటానికో పోతరు. గ్రాంట్ రోడ్ స్టేషన్‌లో దిగి తూర్పు దిక్కు కొంచెం నడిస్తే వచ్చే లామింగ్టన్ రోడ్డు మిస్త్రీలకు తప్ప ఎక్కువమందికి తెలియదు. కాగితాల్లో అది డాక్టర్ దాదాసాహెబ్ భడ్కంకర్ మార్గ్. కానీ 1903 నుంచి 1907 దాకా బొంబాయి గవర్నరుగా ఉన్న లార్డ్ లామింగ్టన్ పేరే ఇప్పటికీ జనం నోట్లో ఉంది. ఎలక్ట్రానిక్ సామాను ఏది కావాలన్నా అక్కడే. ఆ పక్కనే కామాటిపుర. తెలుగు నేల నుంచి కట్టుబడి పనికి వచ్చిన కామాటీల వల్లనే ఆ పేటకు ఆ పేరు. అంటే ఆ దిక్కు మనకు కొత్తేం కాదు.

మొన్న నేనూ మా బావమర్దీ అతని ఇన్వర్టర్ వెల్డింగ్ మిషిన్ పట్టుకుని అక్కడికే పోయినం. ఒకప్పుడు సాంచాలు నడిపినవాడే. షెడ్డు మూతపడ్డాక వెల్డింగ్ నేర్చి, సాంచాల విరిగిన పార్టులు అతుకుతూ, కిటికీ గ్రిల్లులు చేస్తూ ఇల్లు నడుపుతున్నడు. మిషిన్ కిస్తీలు ఇంకా రెండున్నయి. స్విచ్ వేయగానే ఎంసీబీ పడిపోతోంది. కొన్నచోట అడిగితే “బోర్డు పోయింది, కొత్తది తీసుకో” అన్నరు. కొత్తదంటే ఏడెనిమిది వేలు.

“బావా, మళ్ళా అప్పు చేసుడేనా?” అన్నడు.

ఠాణే దాకా బస్సు, అక్కడి నుంచి దాదర్‌కు లోకల్, దాదర్‌లో మారి చర్చిగేట్ స్లో లోకల్. పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషిన్ అయితే ఇద్దరు మోయాలె. ఇది ఆరేడు కిలోలే, సంచిలో పెట్టి ఒళ్ళో పెట్టుకున్నడు. లోయర్ పరేల్ దగ్గర, 1982 జనవరి 18న మొదలైన సమ్మె గురించి చెప్పబోయిన. అతని ధ్యాసంతా సంచి మీదే.

ఇరుకు మెట్లెక్కితే చిన్న గది, అందులో పెద్దవయసు మిస్త్రీ. మూత విప్పగానే ముందు కెపాసిటర్ల మీద మీటర్ పెట్టిండు. ప్లగ్ పీకినా వాటిలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ కొట్టి చూసే మన పిల్లలకు ఇది గట్టిగా చెప్పాలె. ముందు కొలవాలె, మిగిలి ఉంటే బల్బు తగిలించి దించాలె.

ఫ్యాన్ రెక్కల మీద, హీట్‌సింక్ సందుల్లో తెల్లటి నూగు, దుప్పటి పరిచినట్టు.

“ఈ దూది ఎక్కడిది?” అని హిందీలో అడిగి నవ్విండు. మాకు నవ్వు రాలేదు. సాంచాల షెడ్డులో నేల మీద పెట్టి పనిచేస్తే ఫ్యాన్ గాలితో పాటు నూగునూ లాగుతది. గాలి ఆడక వేడెక్కి ఐజీబీటీలు కాలినయి. ఈ మిషిన్ మన 230 వోల్టుల కరెంటును ముందు డీసీ చేస్తది. ఐజీబీటీలనే స్విచ్చులు దాన్ని సెకనుకు వేలసార్లు తెంపి కలుపుతయి. అందుకే లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో పని నడుస్తది. ఆ స్విచ్చులే షార్ట్ అయితే ఎంసీబీ పడక ఏం చేస్తది!

మీటర్‌ను డయోడ్ గుర్తు మీద పెట్టి ముందు బ్రిడ్జి చూసిండు, బాగుంది. ఐజీబీటీలను బోర్డు నుంచి విప్పి కొలిస్తే నాలుగింట్లో రెండు షార్ట్. అయినా నాలుగూ మార్చాలన్నడు, వాటి గేటు రెసిస్టర్లతో సహా. సామాను మేమే తేవాలె. కింద ఒకచోట సగం ధరకే చూపిన్రు. కాళ్ళకు పాత టంకం అంటుకుని ఉంది, ఏదో బోర్డు నుంచి పీకినవి. వద్దని ఇంకోచోట కొత్తవి తీసుకున్నం.

బిగించినంక నేరుగా ప్లగ్ పెట్టలేదు. 100 వాట్ల బల్బును సిరీస్‌లో కట్టిండు. బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటే షార్ట్ ఇంకా ఉన్నట్టు. మాది ఒక్కసారి వెలిగి మసకబడ్డది. తర్వాత బల్బు తీసి, ఇనుప ముక్క మీద రాడ్ గీకిండు. చిటపటమని మంట పట్టింది. బావమర్ది అప్పుడు నీళ్ళు తాగిండు, పొద్దటి నుంచి ముట్టలేదు. కూలితో కలిపి 1,450 రూపాయలైంది.

ఇప్పుడు విరిగిన పార్టును షెడ్డు బయటికి తెచ్చే అతుకుతున్నడు, మిషిన్ స్టూలు మీద. నూగులో నిప్పురవ్వ పడే భయం కూడా తప్పింది. మీలో ఎవరైనా ఆ రోడ్డుకు పోతే ఆదివారం పోకండి, చాలా దుకాణాలు మూసి ఉంటయి. వెల్డింగ్ కేబుళ్ళు ఇంట్లోనే పెట్టి పోండి, లోకల్‌లో మోయలేరు.