బల్బు మార్చొద్దు ఐవారూ

హోసూరు నుండి డెంకణికోటకు పోయే దారిలోని ఒక పల్లెలో నేను సాయంకాలం పిల్లలకు తెలుగు చెబుతాను. తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. దారిలో అడవి ఉంది. ఏనుగులు రోడ్డు దాటుతుంటాయి. అటువంటి చోట ఒక రాత్రి నా మోటారుసైకిలు పెద్దలైటు ఆరిపోయింది. ముందు పోతున్న లారీ వెలుగును నమ్ముకొని ఇల్లు చేరాను.

మరునాడు కొత్త బల్బు వేయించాను. రెండు దినాలు వెలిగి ఆరింది. మరొకటి కొన్నాను, అదీ అంతే. బ్యాటరీ మార్చమని ఒకరు, కాయిలు పోయిందని ఒకరు చెప్పారు. చివరకు, తొమ్మిదవ తరగతితో బడి మానేసి మెకానిక్కు అంగడి పెట్టుకున్న నా పాత విద్యార్థి వద్దకు వెళ్ళాను.

"బల్బు మార్చొద్దు ఐవారూ, ముందు ఉన్నది చూస్తాం" అన్నాడు. బల్బు లోపలి తీగలు రెండూ బాగున్నాయి. పైకాంతికొకటి, కిందికాంతికొకటి. రెండు కాంతులూ ఒకేసారి పోయాయంటే లోపం సాధారణంగా బల్బులో ఉండదట. హారను మోగుతోంది కనుక బ్యాటరీని, ఫ్యూజును అనుమానించనక్కరలేదు. పైగా నాది పాతబండి. దాని పెద్దలైటుకు బ్యాటరీతో పనిలేదు, ఇంజను తిరుగుతుంటే కాయిలు నుండే కరెంటు వస్తుంది.

ఇంజను నడిపి, హ్యాండిలును మెల్లగా తిప్పాడు. ఎడమకు తిప్పితే వెలుగు, కుడికి తిప్పితే చీకటి! హ్యాండిలు మెడ వద్ద మడతపడే చోట, స్విచ్చుకు కరెంటు తెచ్చే వైరు తెగింది. పైతొడుగు చెక్కుచెదరలేదు, లోపలి రాగిపోగులు మాత్రం విడిపోయాయి. బల్బు మార్చినప్పుడల్లా వైర్లు కదిలి ఆ పోగులు తాత్కాలికంగా తగులుకొనేవి. కొత్త వైరు ముక్క అతికి, టంకం పెట్టి, తొడుగు వేసి, హ్యాండిలు తిరిగేందుకు కాస్త వదులు ఉంచి కట్టాడు.

"ఇంత చక్కగా తెలుగులో చెప్పావే!" అన్నాను. "చెప్పను వస్తుంది ఐవారూ. రాయమంటే రాదు" అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వు నన్ను చాలాదినాలు వెంటాడింది. తమిళనాట 2006 నాటి చట్టం తమిళాన్ని తొలిభాషగా దశలవారీగా తప్పనిసరి చేసినప్పటి నుండి మన బడులలో తెలుగుకు చోటు తగ్గిన మాట నిజం. కానీ ఈ పిల్లవాడు నా తరగతిలోనే చదివాడు. పద్యాలు వల్లింపజేశానే గాని, వాడి చేతిలోని పనిని వాడిచేత ఒక్క పుటైనా రాయించలేదు. ఆ తప్పు చట్టానిది కాదు, నాది.

గత నెల అతనిని తరగతికి పిలిచాను. బండి నిలిపి, లోపం వెదికే వరుసను పిల్లలకు చూపాడు. వారు విని రాశారు. ఫ్యూజు, కాయిలు, హోల్డరు అనే మాటలను ఎలా రాయాలో నన్ను అడిగారు. ఇన్నాళ్ళూ పాఠంలో ఎవరూ ఏమీ అడిగేవారు కారు. చివర అతనూ ఒక కాగితం తీసుకొని వెనుక బల్లపై కూర్చున్నాడు. నాలుగు పంక్తులు రాశాడు. గుణింతాలు తప్పాయి, వరుస తప్పలేదు.

తోటి ఉపాధ్యాయులు తమ ఊరి పనివారిని ఒకసారి తరగతికి పిలిచి చూడవలసిందిగా మనవి.