పాత ఇనుముకు రెండు ధరలు
మూతబడిన మిల్లుల నుంచి వచ్చిన లేతు మిషన్లు హౌరాలో మళ్లీ తిరుగుతాయా, కొలిమిలో కరుగుతాయా అన్నది చేతి పనితనమే తేలుస్తోంది

హౌరా స్టేషన్‌లో దిగినవారిలో చాలామంది హుగ్లీ నది దాటి కోల్‌కతా దారి పడతారు. పాత లేతు మిషన్ కావలసిన వాళ్లకు ఆ అవసరం లేదు. వాళ్లు నదికి ఇవతలే ఉండి బెలీలియస్ రోడ్డుకు మళ్లుతారు. 2024 మార్చి నుంచి నది అడుగుగా మెట్రో రైలు హౌరా మైదాన్ దాకా నడుస్తోంది. అక్కడికి కొద్ది దూరంలోనే ఈ ఇరుకు సందుల లోకం మొదలవుతుంది. ఒకటి రెండు మిషన్లు పడితే నిండిపోయే గదులు, గుమ్మం ముందు పోతపోసిన ఇనుప ముక్కలు, కాలిన నూనె వాసన, చుట్టలు చుట్టుకుని రాలే ఇనుప రజను.

‘తూర్పు దేశపు షెఫీల్డ్’ అని హౌరాకు ఊరికే పేరు రాలేదు. 1781లో మొదలైన బర్న్ కంపెనీ, రైల్వే, నది ఒడ్డున వరసకట్టిన జనపనార మిల్లులు దీన్ని ఇనుప పని ఊరుగా మార్చాయి. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు కూడా హుగ్లీ తీరపు మిల్లుల్లో తరాల తరబడి చెమటోడ్చాయి. ఆ మిల్లుల్లో ఇరుసు విరిగినా, గేరు అరిగినా బాగుచేసింది ఇలాంటి చిన్న కార్ఖానాలే. తర్వాత మిల్లులు ఒక్కొక్కటిగా చతికిలబడ్డాయి. బర్న్ వారసత్వ సంస్థ బర్న్ స్టాండర్డ్ మూసివేతకు 2018లో కేంద్రం ఆమోదం తెలిపింది. ఫ్యాక్టరీ మూతబడితే మనుషులు ఇంటికి, మిషన్లు బజారుకు చేరతాయి.

అలా వచ్చిన పాత లేతుకు రెండు ధరలుంటాయి. ఒకటి కిలోల లెక్కన తుక్కు ధర. రెండోది మిషన్ ధర. తుక్కుగా పోతే దూరం వెళ్లనక్కర్లేదు, హౌరా ఫౌండ్రీలే కరిగించుకుంటాయి. మిషన్‌గా నిలవాలంటే పరీక్ష నెగ్గాలి.

కొత్తగా ఆకుపచ్చ రంగు పూసుకుని నిగనిగలాడే లేతును అనుభవం ఉన్న టర్నర్ నమ్మడు. నేరుగా బెడ్ మీద చెయ్యి పెడతాడు. పని ఎక్కువగా చక్ పక్కనే జరుగుతుంది కాబట్టి బెడ్ ముందుగా అరిగేది అక్కడే. శాడిల్‌ను చక్ దగ్గరకు తెచ్చి, కదలీ కదలనట్లు బిగించి, రెండో చివరికి నడిపిస్తాడు. మధ్యలో అది పట్టేసిందంటే బెడ్ అరిగినట్లే. తర్వాత చక్‌లో కడ్డీ బిగించి పైకెత్తి చూస్తాడు. డయల్ గేజ్ ముల్లు ఎగిరితే స్పిండిల్ బేరింగ్ వదులైందన్నమాట.

ఆఖరున గేర్ల లెక్క. బ్రిటన్ నుంచి వచ్చిన పాత లేతులకు తెలిసింది అంగుళాల భాషే. భారతదేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతలకు మారింది. 5 అంగుళాలంటే సరిగ్గా 127 మిల్లీమీటర్లు. అంగుళాల లీడ్‌స్క్రూతో మిల్లీమీటర్ల మరలు కచ్చితంగా కోయాలంటే 127 పళ్ల గేరు కావాలి. ఆ ఒక్క చక్రం పోయి ఉంటే బేరంలో కొనేవాడిదే పైచేయి.

కొన్న తర్వాతే అసలు పని. తుప్పు వదిలించడానికి కిరోసిన్, ఓపిక చాలు. అరిగిన బెడ్‌ను సరిచేయడానికి రెండే దారులు. పెద్ద గ్రైండింగ్ మిషన్‌కు పంపడం ఒకటి. అయితే బెడ్ తగ్గిన మేరకు శాడిల్ కిందికి దిగి లీడ్‌స్క్రూతో వరస తప్పుతుంది. దాన్ని మళ్లీ ఎత్తి సరిచేసుకోవాలి. రెండోది చేత్తో గీకడం. నిక్కమైన సమతల పలకకు పలచగా నీలం రంగు రాసి బెడ్ మీద రుద్దుతారు. రంగు అంటిన చోటల్లా మిట్ట. ఆ మిట్టలను మాత్రమే స్క్రేపర్‌తో గీకి, మళ్లీ రంగు రాసి చూస్తారు. ఒక్కో గీతకు లేచేది వెంట్రుక మందంలో చిన్న వంతే. సమతల పలకలనే ఇలా చేత్తో గీకి తయారుచేయవచ్చని 1840లో జోసెఫ్ విట్‌వర్త్ చెప్పిన విద్య ఇది. ఆ తర్వాత అందులో పెద్దగా మారిందేమీ లేదు.

మారింది నేర్చుకునేవారే. రోజుల తరబడి వంగి గీకే పని కన్నా కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్ ముందు నిలబడటమే కుర్రాళ్లకు నయమనిపించడంలో తప్పు లేదు. ఒకే రకం ముక్కలు వేలల్లో కావాలంటే సీఎన్‌సీకి సాటి లేదు. కానీ ఒక పంపు ఇరుసు విరిగి సాయంత్రానికి అలాంటిదే ఒక్కటి కావాలంటే గుర్తొచ్చేది పాత లేతే. దాన్ని నిలబెట్టే చెయ్యి లేనినాడు మంచి మిషన్‌కూ తుక్కు ధరే మిగులుతుంది.

బాగుచేసిన లేతుకు చివరి పరీక్ష చిన్నదే. లావుపాటి కడ్డీని చక్‌లో బిగించి, రెండో కొసకు ఆసరా పెట్టకుండా పలచగా ఒక కోత తీస్తారు. రెండు చివర్లా మైక్రోమీటర్‌తో కొలుస్తారు. తేడా మిల్లీమీటర్‌లో ఒకటి రెండు వందో వంతులకు మించకపోతే ఆ లేతు కొలిమి గండం తప్పించుకున్నట్లే. మర్నాటి నుంచి దానికి మళ్లీ పని.