లూవెన్ కుర్రాడు, లుల్లీ నాయకులు

ఈస్టర్‌కు ముందు మూడు నాలుగు వారాలు బెల్జియంలోనూ నెదర్లాండ్స్‌లోనూ టెనార్ గాయకులకు ఊపిరి సలపదు. పెద్దా చిన్నా పట్నాలన్నిటా ఏదో ఒక చర్చిలోనో కచేరీ హాల్లోనో బాఖ్ పాషన్‌లు పెడతారు. ఆమ్‌స్టర్‌డామ్ కన్సర్ట్‌ఖెబావ్‌లో ఈ ఆనవాయితీ 1899లో మొదలైంది. క్రీస్తు చివరి రోజుల కథను సువార్తికుడి నోట చెప్పించే పని బాఖ్ టెనార్ గొంతుకే అప్పగించాడు. 'సెయింట్ మాథ్యూ పాషన్' నడిచే రెండున్నర గంటల పైచిలుకు సమయంలో ఆ గాయకుడికి విశ్రాంతి తక్కువ. అతను కథ చెప్పేటప్పుడు వెనక ఆర్గన్, చెల్లో తప్ప ఇంకేమీ ఉండవు. పేతురు వెక్కి వెక్కి ఏడ్చాడని చెప్పే చోట స్వరం మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. అక్కడ పట్టు తప్పినా, ఏడుపు ఎక్కువైనా మొత్తం కథనం చెడుతుంది. ఈ పాత్ర బాగా పాడతాడని పేరొస్తే యూరప్‌లో టెనార్‌కు వసంతకాలమంతా పని దొరుకుతుంది. ఒక ఊళ్ళో పాడి, మర్నాడు రైలెక్కి ఇంకో ఊళ్ళో పాడాల్సి ఉంటుంది.

ఇలా పేరు తెచ్చుకున్నవాళ్ళలో ఒకడు రైనౌట్ వాన్ మెఖెలెన్. 1987లో బెల్జియంలోని లూవెన్‌లో పుట్టాడు. మన తెలుగువాళ్ళకు లూవెన్ అంటే 1425 నాటి విశ్వవిద్యాలయం, చిప్‌ల పరిశోధన, అద్దెలు మండిపోయే ఊరు. ఇక్కడికి వచ్చే మన పిల్లలు చదువూ ఉద్యోగమూ చూసుకుని, శని ఆదివారాల్లో బ్రస్సెల్స్‌లో భారతీయ సరుకుల కొట్లు వెతుక్కుంటారు. ప్రాచీన యూరప్ సంగీతాన్ని తవ్వితీయడంలో ఈ చిన్న దేశం ప్రపంచానికి దారి చూపిందని చాలామందికి తెలియదు. ఫిలిప్ హెరెవెగె 1970లో గెంట్‌లో 'కొలేగియుం వొకాలె' గాయక బృందాన్ని స్థాపించాడు. రెండేళ్ళకు సిగిస్వాల్డ్ కౌకెన్ 'లా పెతిత్ బాండ్' వాద్య బృందం మొదలుపెట్టాడు. గాయకుడూ సంగీత నిర్వాహకుడూ అయిన రెనే జాకబ్స్‌దీ గెంటే. వాన్ మెఖెలెన్ పుట్టిన ఏడాదే పారిస్ ఒపెరా కొమిక్‌లో సంగీత నిర్వాహకుడు విలియం క్రిస్టీ, పదిహేడో శతాబ్దపు స్వరకర్త లుల్లీ రాసిన 'అతీస్'ను మళ్ళీ రంగం మీదికి తెచ్చి, ఫ్రెంచి బరోక్ ఒపెరాకు కొత్త ఆయుష్షు పోశాడు. అదే ఏడాది రికార్డింగ్‌లో నాయకుడిగా పాడినవాడు గీ ద మే, బెల్జియం టెనార్. ఒక పిల్లవాడు పెరిగి ఈ దారి పట్టాలంటే ఆ దారి ముందే ఎవరో వేసి ఉండాలి. వాన్ మెఖెలెన్‌కు అది ఇంటి గుమ్మం దగ్గరే ఉంది.

బ్రస్సెల్స్ రాయల్ కన్సర్వేటరీలో దీనా గ్రోస్‌బెర్గర్ దగ్గర నేర్చుకుని 2012లో పట్టా పుచ్చుకున్నాడు. అంతకుముందే, 2007లో, ఫ్రాన్స్‌లోని ఆంబ్రొనే బరోక్ అకాడమీలో ఎర్వే నికే కింద పాడి నలుగురి దృష్టిలో పడ్డాడు. అసలు మలుపు 2011లో వచ్చింది. క్రిస్టీ స్థాపించిన 'లెజార్ ఫ్లోరిసాన్' బృందం యువగాయకులను ఏరి, తీర్చిదిద్ది, ఊరూరా కచేరీలకు తిప్పే శిక్షణ నడుపుతుంది. పేరు 'ల జార్దాన్ దే వ్వా'. అందులో ఎంపికైన వాన్ మెఖెలెన్ అది ముగిశాక కూడా ఆ బృందంలోనే సోలో గాయకుడిగా కొనసాగాడు. సువార్తికుడి పాత్ర మొదటిసారి పాడింది 2014లో, లివర్‌పూల్ ఫిల్హార్మోనిక్‌తో. మరుసటి ఏడాది బోర్డో ఒపెరాలో రామో రచించిన 'దార్దాన్యుస్'లో కథానాయకుడు. బెల్జియం సంగీత విమర్శకులు 2017లో అతణ్ణి ఆ ఏటి యువ సంగీతకారుడిగా ఎంచుకున్నారు. 2018లో బెర్లిన్ స్టాట్స్‌ఒపెరాలో సైమన్ రాటిల్ నిర్వహణలో రామో 'హిప్పొలీత్ ఎ అరిసీ'లో హిప్పొలీత్‌గా పాడాడు.

ఈ జాబితా చూసి అవకాశాలు వాటంతటవే వరసగా వచ్చాయనుకోకూడదు. అతని గొంతుకు మామూలు ఒపెరా హౌస్‌లో చోటు తక్కువ. వెర్ది, పుచ్చీని నాయకుడు డెబ్భై ఎనభై వాద్యాల హోరును దాటి పైకి వినపడాలి. అంత బలం లేని గొంతును బలవంతంగా పెంచబోతే పదేళ్ళలో అరిగిపోతుంది. వాన్ మెఖెలెన్‌ది ఫ్రెంచివాళ్ళు ఓత్‌కోంత్ర్ అని పిలిచిన ఎత్తైన టెనార్. పై స్వరాలు తేలిగ్గా పలుకుతాయి, మాట స్పష్టంగా వినిపిస్తుంది, పేగుతీగల వయొలిన్‌ల మధ్య హాయిగా ఇమిడిపోతుంది. ఇటలీ నాటకశాలల్లో నాయక పాత్రలు కస్త్రాతిలకు, అంటే గొంతు మారకుండా చిన్నప్పుడే వృషణాలు తీయించిన మగ గాయకులకు, పోతుండగా, ఫ్రాన్స్‌లో లుల్లీ కాలం నుంచి గ్లూక్ కాలం దాకా ప్రేమికులనూ వీరులనూ ఈ గొంతే పాడింది.

ఈ ఎత్తైన గొంతు వెనక శ్రుతి లెక్క ఒకటుంది. ఇప్పటి ఆర్కెస్ట్రాలు 'ఎ' స్వరాన్ని సెకనుకు 440 కంపనాల దగ్గర పెడతాయి. పదిహేడో శతాబ్దపు పారిస్ ఒపెరాలో అది ఇంచుమించు 392. అంటే రెండు శ్రుతిలో పాడే గాయకుణ్ణి ఒకటి శ్రుతికి దిగమన్నంత తేడా. కాగితం మీద భయపెట్టే పై స్వరాలు ఆ శ్రుతిలో గొంతుకు లొంగుతాయి. పాత వాద్యాలనూ పాత శ్రుతినీ మళ్ళీ పట్టుకోకపోయి ఉంటే ఈ పాత్రలు చాలావరకు పాడలేనివిగానే మిగిలిపోయేవి. ఈ రంగంలో సంగీత చరిత్ర చదువు గొంతు సాధనతో సమానమైన పని.

వాన్ మెఖెలెన్ 2016లో సొంతంగా 'ఆ నోక్తే తెంపొరిస్' అనే బృందం పెట్టాడు. మొదటి ఆల్బం బాఖ్ టెనార్ పాటలు, ఆనా బెస్సోన్ వేణువుతో. తర్వాత అతను చేసిన పని నా దృష్టిలో అన్నిటికన్నా గొప్పది. మంచి పాత్రల కోసం కాచుకు కూర్చోకుండా, ఆ పాత్రలు ఎవరి గొంతుకోసం పుట్టాయో ఆ గాయకులను వెతుక్కుంటూ వెళ్ళాడు. ముగ్గురిని ఎంచుకున్నాడు. ద్యుమెనీ, జెలియోత్, లెగ్రో. ఒక్కొక్కరికి ఒక్కో ఆల్బం, 2019, 2021, 2023లలో.

ముగ్గురిలో ద్యుమెనీ కథ మరీ రుచిగా ఉంటుంది. అతను మొంతొబాన్‌లో ఒక అధికారి ఇంట్లో వంటవాడు. లుల్లీ ఆ గొంతు విని నాటకశాలకు తీసుకొచ్చాడంటారు. స్వరలిపి చదవడం రాదని, ప్రతి పాత్రనూ విని కంఠస్థం చేసేవాడని ఆనాటివాళ్ళు చెప్పుకున్నారు. గురుముఖంగా నేర్చుకోవడం మనకు వింత కాదు గానీ, అప్పటి పారిస్ ఒపెరా అయిన రాయల్ అకాడమీలో అదొక విడ్డూరం. అయినా పెర్సే, అమాదిస్, 'ఆర్మీద్'లో రెనో, ఇలా లుల్లీ చివరి ఏళ్ళ గొప్ప నాయకులను మొట్టమొదట రంగం మీద నిలబెట్టింది ఈ వంటవాడే. రెనో నిద్రలోకి జారే ఘట్టంలో సంగీతం ఎంత మెత్తగా సాగుతుందో వింటే, ఆ గొంతులో లుల్లీకి ఏం నచ్చిందో కొంత అర్థమవుతుంది.

జెలియోత్ బెయార్న్ ప్రాంతపు కుర్రవాడు. తుళూజ్ చర్చి గాయక పాఠశాలలో తయారై 1733లో పారిస్ ఒపెరాలో అడుగుపెట్టాడు. రామో దార్దాన్యుస్‌నూ జొరోఆస్త్ర్‌నూ అతనికే రాశాడు. 1745లో వెర్సాయ్‌లో, యువరాజు పెళ్ళి వేడుకల్లో, తనంత అందగత్తె లేదనుకునే చెరువు దేవత ప్లాతేగా స్త్రీ వేషం కట్టి నవ్వించిందీ అతనే. లెగ్రో కోసం గ్లూక్ 1774లో తన 'ఓర్ఫే'నే మార్చి రాశాడు. వియెన్నాలో కస్త్రాతో పాడిన పాత్ర పారిస్‌లో ఓత్‌కోంత్ర్‌ది అయింది. లెగ్రో తర్వాత కాన్సేర్ స్పిరిత్యుయెల్ కచేరీలకు నిర్వాహకుడయ్యాడు. 1778లో మొజార్ట్ 'పారిస్ సింఫనీ' రాసింది అతని కచేరీల కోసమే.

ఈ మూడు ఆల్బములు వరసగా వింటే ఒక శతాబ్దంలో ఫ్రెంచి నాయకుడి గొంతు ఎలా మారిందో చెవికి తెలుస్తుంది. లుల్లీలో మాట ముందు, స్వరం వెనక. రామో దగ్గరికి వచ్చేసరికి గమకాలూ పరుగులూ పెరుగుతాయి. గ్లూక్‌లో అవి తగ్గి, పై స్వరాల మీద భారం పడుతుంది. ఒకే మనిషి ముగ్గురి కోసం రాసినవీ పాడుతున్నాడు కాబట్టి తేడా ఎక్కడుందో తప్పించుకోకుండా వినిపిస్తుంది.

పారిస్‌లో ద్యుమెనీ రెనోగా పాడిన 1686లో తంజావూరు సింహాసనం మీద శాహజీ ఉన్నాడు. 'పల్లకి సేవా ప్రబంధం' లాంటి తెలుగు గేయనాటకాలు రాసి ఆడించిన రాజు ఆయన. ఆ కొలువులో పాడిన గొంతులకోసం రాసిన దరువులనూ ఇలాగే ఒక్కో గాయకుడి పేరున, ఆనాటి శ్రుతి, ఆనాటి వాద్యాల లెక్క తేల్చి ఒక చోట చేర్చిన ఆల్బం వినాలని ఎంతో కోరికగా ఉంది. మన పరిశోధకులూ గాయకులూ కలిసి కూర్చుంటే అది జరగని పని కాదు.

మళ్ళీ వాన్ మెఖెలెన్ దగ్గరికి వస్తే, అతనిలా సొంత బృందం పెట్టుకోవడం తేలిక కాదు. ఈ రంగంలో ఎక్కువమంది ఫ్రీలాన్సర్లు. కచేరీ జరిగితేనే డబ్బు. బెల్జియంలో క్రమం లేని ఆదాయమున్న కళాకారులకు నిరుద్యోగ భృతి విషయంలో ప్రత్యేక నియమాలున్నాయి, అవి ఎంతోమందిని నిలబెట్టాయి. 2020 మార్చి మధ్యలో కోవిడ్ వల్ల దేశం మూతపడినప్పుడు సరిగ్గా పాషన్‌ల కాలం. నెలల ముందు ఒప్పుకున్న కచేరీలన్నీ కొద్దిరోజుల్లో రద్దయ్యాయి. ఏడాది ఆదాయంలో పెద్ద భాగం ఆ వారాల మీదే ఆధారపడ్డ టెనార్‌లు ఎందరో. అలాంటి కాలాన్ని దాటి ఒక బృందం తన పరిశోధనను ఆపకుండా 2021లో జెలియోత్ ఆల్బం బయటపెట్టిందంటే దాని వెనకున్న పట్టుదలకు మనసారా నమస్కరించాలి.

ఇప్పుడు వాన్ మెఖెలెన్ పాడుతూనే బృందాన్ని నడిపిస్తున్నాడు. ఎలిజబెత్ జాకే ద లా గెర్ 1694లో రాసిన 'సెఫాల్ ఎ ప్రొక్రీస్'ను అలాగే రికార్డు చేశాడు, సెఫాల్ పాత్ర తానే పాడుతూ. పారిస్ రాయల్ అకాడమీలో ఒక స్త్రీ రచించిన ఒపెరా ప్రదర్శించడం అదే మొదలు. 2024 వసంతంలో పారిస్ ఒపెరా వాళ్ళు పాలే గార్నియేలో షార్పాంతియే 'మేదే' వేశారు. నిర్వహణ విలియం క్రిస్టీ, మేదేగా లెయా దెసాంద్ర్, జాసన్‌గా వాన్ మెఖెలెన్. 1693లో ఆ ఒపెరా పుట్టినప్పుడు జాసన్ పాడినవాడు ద్యుమెనీ.